బేరమాడని కొన్నమ్మ

మొన్న కుప్పంలో మా మనవరాలి బిడ్డకు పేరు పెట్టినారు. నన్నెవరూ అడగలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరైనా అవ్వకు కోపమెందుకొచ్చిందని ఆశ్చర్యపోతే అది నా తప్పు కాదు.

మదనపల్లెలో పొద్దున్నే బస్సెక్కి, పుంగనూరు మీదుగా, నడుము పట్టేసేదాకా కూర్చుని పోయినాను. నేను పోయేసరికి పేరు దాదాపు తేలిపోయింది. మనవరాలి మొగుడు, అతని చెల్లెలు, నా కూతురు, ముగ్గురూ ఒకే సెల్‌ఫోను మీదికి వంగి ఉన్నారు. బిడ్డల పేర్లు, వాటి అర్థాలు, ఏ భాషలోంచి వచ్చినాయో, అన్నీ అందులో ఉన్నాయంట. ఒకదానికి తొలి వెలుగని అర్థం. ఒకదానికి అంతులేనిదని. ఇంకొకదానికి ఎవరూ గెలవలేనిదని. ఆ బిడ్డ చూస్తే చాటలో పడుకోబెట్టినా ఇంకా చోటు మిగిలేటంత ఉంది. నెలలు నిండకుండానే పుట్టి, బెంగళూరు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉండి, ఈ మధ్యనే ఇంటికొచ్చింది.

"అవ్వా, ఈ పేరు బాగుండాదా సూడు" అని మనవరాలి మొగుడు ఫోను నా ముక్కు దగ్గర పెట్టినాడు. నా కళ్ళద్దాలు సంచిలో ఉన్నాయి. వెతికి పెట్టుకునేలోపల ఫోను వెనక్కి పోయింది. దాన్ని అడగడం అనరు.

ఆ సంచిలో కళ్ళద్దాలతోబాటు ఇంకొకటి ఉంది. గుడ్డలో మూటగట్టిన తవుడు. మదనపల్లెలో పశువుల దాణా అంగట్లో తీసుకున్నాను. "ఇంతేనామ్మా? కోడికి గూడా సాలదు" అన్నాడు అంగడాయన. అదీ మరిచిపోలేదు.

నా కూతురిని పక్కకు పిలిచినాను. "పేరు నిదానంగా పెట్టుకోవచ్చు. ముందు తవుడు పోసి బిడ్డను నేను కొంటాను. పుట్టెంట్రుకలు తీసేదాకా నా బిడ్డనుకోండి. గట్టిపడినాక మీరే తిరిగి కొనుక్కోండి" అన్నాను.

అది నన్ను చూడలేదు. ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది. "అమ్మా, నీకు దండం పెడతా. చేతులు కడుక్కోకుండా బిడ్డను ముట్టొద్దని ఆస్పత్రోళ్ళు చెప్పి పంపిస్తే, నువ్వు తవుడు తెచ్చినావా? ఆ సంచి బయట పెట్టు పో."

సంచి బయట పెట్టలేదు. సంచితో నేనే బయటికొచ్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. లోపల బిడ్డ చెవిలో పేరు చెప్తూ ఉంటే చప్పట్లు వినిపించినాయి. ఎండకు మూట వేడెక్కి, కమ్మగా, కొంచెం ముక్కినట్టు తవుడు వాసన వచ్చింది. ఆ వాసనకు నాకు ఒకటే ఇల్లు గుర్తుకొస్తుంది. అది మా ఇల్లు కాదు.

నా పేరు కుప్పమ్మ. ఆధార్ కార్డులో వేరే పేరుంది. అది ఇక్కడ రాయను. రాస్తే మీరూ ఫోను తీసి దాని అర్థం వెతుకుతారు. కుప్పమ్మకు వెతికే పని లేదు. కుప్ప అంటే పెంటకుప్ప. బస్సు బోర్డు మీద కుప్పం అని చూసినప్పుడల్లా నన్నెవరో సగం పిలిచి ఆపేసినట్టుంటుంది.

పుంగనూరుకూ మదనపల్లెకూ నడుమ, బస్సు దిగి లోపలికి నడవాల్సిన మెట్ట ఊరు మాది. వేరుశనగ చేన్లు, రాగులు, రాళ్ళు. మా అమ్మకు నాకంటే ముందు పుట్టినవాళ్ళెవరూ నిలబడలేదు. వాళ్ళందరికీ మంచి పేర్లే పెట్టినారు. అన్నీ దేవుళ్ళ పేర్లు. మంచి పేరు వినే చావు మన గడప వెతుక్కుంటా వస్తాండాదని మా నాయన తల్లి, అంటే మా అవ్వ, తేల్చేసింది. అందుకని నేను పుట్టినాక, బొడ్డు ఊడకముందే నన్ను చాటలో వేసి, ఇంటి వెనక పెంటకుప్ప మీద పెట్టి, తిరిగి చూడకుండా లోపలికొచ్చేసిందంట.

ముందే మాట్లాడుకున్న ప్రకారం ఊరి చివర గొర్రెలు మేపే ఇంటి ఆవిడ ఏమీ తెలియనట్టు ఆ దారిన వచ్చింది. ఆవిడకు అందరూ మగపిల్లలే. పుట్టినవాళ్ళు పుట్టినట్టే రాళ్ళలాగా బతికినారు.

"ఎవురిదో బిడ్డ కుప్పలో పడుండాదే!" అని కేకేసి, నన్నెత్తుకుని మా వాకిట్లో నిలబడింది.

"మాకొద్దు తల్లీ. కావాలంటే తవుడు పోసి కొనుక్కో" అంది మా అవ్వ లోపల్నుంచి.

ఆవిడ కొంగులో తెచ్చిన తవుడు మా చాటలో పోసింది. నన్ను కొనుక్కుంది. కుప్పమ్మ అని పేరు పెట్టింది. "పాలిచ్చి సాకండి, బిడ్డ మాత్రం నాది" అని నన్ను మా అమ్మ ఒళ్ళో వదిలిపోయింది. అప్పట్నుంచి ఆవిడ నాకు కొన్నమ్మ.

ఇదంతా చావు కళ్ళు కప్పేదానికి ఆడిన ఆటే. కానీ మా ఊళ్ళో ఆ ఆటను కడదాకా ఆడేవాళ్ళు. "పాప ముద్దుగా ఉండాదే" అని ఎవరైనా అంటే మా అమ్మ ముఖం తిప్పుకుని, "మాది కాదమ్మా. గొర్రెలోళ్ళ బిడ్డ. ఊరికే ఈడ పెరగతాండాది" అనేది. తల దువ్వేది, అన్నం పెట్టేది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది. నా బిడ్డ అని మాత్రం ఒక్కసారీ నోరు జారలేదు. కొట్టేది కూడా కాదు. పక్కింటి పిల్లలు తల్లి చేత తన్నులు తిని ఏడుస్తుంటే నేను గోడ మీదుగా చూస్తూ కుళ్ళుకునేదాన్ని.

కొన్నమ్మకు ఆ మర్యాదలేమీ లేవు. బడి వదిలితే నా కాళ్ళు నేరుగా వాళ్ళ ఇంటికే పోయేవి. ఇంటి పక్కనే ముళ్ళకంప చుట్టూ వేసిన గొర్రెల రొప్పం. తడిసిన ఉన్ని, పెంటికలు, పొయ్యి పొగ, ఉడికే రాగిపిండి, అన్నీ కలిసిన వాసన మలుపు దగ్గరే తగిలేది.

"ఒసే కుప్పీ! యాడ సచ్చినావే ఇంతసేపు? సంగటి సల్లారిపోతాండాది!"

ఆ కేకకు చేలల్లో కాకులు లేచేవి. కుండలోంచి మొదటి ముద్ద నాకే. వేరుశనగలు వేయించి నూరిన ఊరుబిండి, చలికాలమైతే అనపగింజలు నానబెట్టి పితికిన పప్పు. మా ఇంట్లో అంతకంటే మంచి కూరలే ఉండేవి. అయినా ఆ ముద్దకున్న రుచి వేరు. వాళ్ళ చిన్న కొడుకు నాకంటే కొంచెం పెద్దవాడు. తన వంతు వచ్చేదాకా చూస్తూ కూర్చునేవాడు.

"అమ్మా, తవుడుకు కొన్నదానికి తవుడే పెట్టొచ్చు గదా, సంగటి యాల?"

తెడ్డు గాల్లో ఎగిరేది. వాడు ఎగిరి దూకేవాడు. మళ్ళీ మేమిద్దరం కలిసే పోయి పొట్టేలు మీదెక్కేవాళ్ళం, అది మమ్మల్ని కంపలోకి తోసేది. కొన్నమ్మ ముళ్ళు తీస్తూ ఇద్దరి వీపులూ సమానంగా వాయించేది. తన్నుల దగ్గర నాకు తక్కువ చేయలేదు. అది నాకు గొప్పగా ఉండేది.

పుట్టెంట్రుకలు తీసేటప్పుడు మా అమ్మానాయనా కొన్నమ్మకు చీర పెట్టి, అంతే తవుడు వెనక్కి పోసి, నన్ను తిరిగి కొనుక్కోవాలి. అప్పుడు మంచి పేరు పెట్టాలి. సరిగ్గా ఆ ఏడే వాళ్ళ గొర్రెలు మా వేరుశనగ చేన్లో పడినాయి. మా నాయనకూ కొన్నమ్మ మొగుడికీ మాటా మాటా పెరిగింది. "వాడి గడప నేను తొక్కను" అన్నాడు నాయన. "బిడ్డ కావాలనుకున్నోడు వాడే రావాల" అన్నాడు ఆయన. గుండు కొట్టించినారు గానీ కొనుక్కోవడం జరగలేదు. నేను కుప్పమ్మగానే బడికి పోయినాను. పెద్దవాళ్ళు పౌరుషాలకు పోతే పేరు మోసింది నేను. దీని గురించి తర్వాత ఇద్దరిలో ఒక్కరూ నాతో ఒక్క మాట అనలేదు.

ఒక చలికాలం బడికి కొత్త అయ్యవారు వచ్చినాడు. అందరూ మీ పేర్లకు అర్థం కనుక్కుని రండి అన్నాడు. మరుసటి రోజు ఒక్కొక్కరే లేచి చెప్పినారు. ఒకడు కొండమీది దేవుడు. ఒకతి నది. ఒకడిది చచ్చిపోయిన తాత పేరు, వాడు రొమ్ము విరుచుకుని చెప్పినాడు. నా వంతు వచ్చింది, లేచినాను. అయ్యవారు హాజరు పట్టీలో పేరు చూసి నవ్వినాడు. "నువ్వు కూర్చోమ్మా. దీనికి అర్థం చెప్పే పని లేదులే." బడంతా నవ్వింది. పొట్టేలు మీద నాతో ఎక్కినవాడు కూడా నవ్వినాడు.

ఆ సాయంత్రం కొన్నమ్మ ఇంటికి పోలేదు. మా అవ్వ దగ్గర కూర్చుని అడిగినాను. నన్నెప్పుడు తిరిగి కొంటారని.

"మీ నాయన పోడు. ఆయప్ప రాడు. నేనేం చేసేది?" అంది అవ్వ అనపకాయలు ఒలుస్తూ.

"నేనే కొనుక్కుంటే?"

"నిన్ను నువ్వు కొనుక్కునేదా? బాగుండాది!" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "కొనుక్కుంటే మాత్రం ఇంగ ఆ ఇంట్లో ముద్ద తినకూడదు. ఆయమ్మను అమ్మా అనకూడదు. ఆడికి తెగిపోవాల. అట్లయితేనే తిరిగి కొన్నట్టు" అంది.

నాకు మొదటి సగమే చెవికెక్కింది.

సెలవు రోజు చూసి, బర్రెకు పెట్టే తవుడు కుండలోంచి రెండు చేతులా తోడి పావడాలో పోసుకున్నాను. ఆగండి, ఇంకొకటి చెప్పాలి. మా నాయన నన్ను అప్పుడప్పుడు మదనపల్లె సంతకు తీసుకుపోయేవాడు. ఆయన బేరమాడితే పక్క అంగడివాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు. "అమ్మేవాడు మొదట ఇయ్యనంటాడు. మనం లేచి పోతాం. మళ్ళా పిలుస్తాడు. అట్ల కాకుండా అడిగిన వెంటనే ఇచ్చేసినాడంటే, ఆ సరుకు వాడికి అక్కర్లేదని అర్థం" అని నాకు నేర్పించినాడు. అందుకే కొన్నమ్మ ఇయ్యనంటుందని, తవుడు చాలదంటుందని, ఇంట్లోంచి రెండు బెల్లం ముక్కలు కూడా తీసి కుడిచేతి పిడికిట్లో దాచుకున్నాను. అడిగినప్పుడు బయటికి తీద్దామని.

దారిలో సగం తవుడు గాలికే పోయింది. నేను పోయేసరికి కొన్నమ్మ రొప్పం ఊడుస్తా ఉంది.

"ఏందే కుప్పీ, రెండు దినాలుగా కనపల్యా? ఒళ్ళో ఏంది?"

"తవుడు."

"గొర్రెలకు తెచ్చినావా? నా తల్లే!"

"గొర్రెలకు కాదు. నీకే. నన్ను కొనుక్కోని పోదామని వచ్చినా."

ఆవిడ చేతిలో పొరక ఆగింది. "మీ నాయన పంపినాడా?"

"ఎవురూ పంపలా. నేనే వచ్చినా. నాకు ఈ పేరొద్దు."

కొన్నమ్మ నన్ను చూసింది. నా పావడా వైపు చూసింది. ఇప్పుడు అంటుంది, ఇంతేనా తవుడు అంటుంది, పోవే అని వీపు మీద ఒకటి వేస్తుంది, అనుకున్నాను. కుడిచేతి పిడికిలి బిగించి సిద్ధంగా ఉన్నాను.

పొరక కింద పెట్టింది. గోడకున్న చాట తీసి నా ముందు పట్టింది.

"పొయ్యి."

పోసినాను. చాట అడుగు కూడా నిండలేదు. ఆవిడ ఎంతని చూడలేదు. చాట పక్కన పెట్టి మళ్ళీ పొరక అందుకుంది.

"ఇంగ పో."

అంతే. వద్దనలేదు. చాలదనలేదు. వెనక్కి పిలుస్తుందేమోనని మలుపు దాకా మెల్లగా నడిచినాను. పొరక చప్పుడే వినపడింది. పిడికిట్లో బెల్లం కరిగి వేళ్ళకు అంటుకుంది. దాన్ని తినలేదు. ఇంటి గోడ మీద పెట్టినాను, చీమలు పట్టినాయి.

ఇంటికి పోయి సంగతి చెప్పగానే మా అమ్మ చేతిలో ఉన్న తెడ్డుతోనే నన్ను కొట్టింది. అంతకు ముందెప్పుడూ కొట్టలేదు. "నీకేమన్నా అయితే నేనెట్ల బతికేదే, నా బిడ్డా!" అని కొడుతూనే ఏడ్చింది. ఆ రాత్రే నా తలకు నూనె రాసి, అన్నేండ్లుగా ఎవరికీ చెప్పకుండా మనసులో పెట్టుకున్న పేరు నా చెవిలో చెప్పింది. ఆధార్ కార్డులో ఉన్నది అదే. నేను కోరుకున్నవన్నీ ఒకే రోజు దొరికినాయి.

వారం తిరక్కముందే బావి దగ్గర కొన్నమ్మ ఎదురైంది. నెత్తిన కడవ. నన్ను చూసి పక్కకు జరిగి దారిచ్చింది.

"ఏమ్మా, బాగుండావా?"

ఒసే లేదు. కుప్పీ లేదు. ఊళ్ళో పెద్దింటి పిల్లలను పలకరించినట్టు పలకరించింది. చెంప మీద కొట్టి ఉంటే అంత మండేది కాదు. "బాగుండా" అని నేనూ అట్లే చెప్పి వచ్చేసినాను. అవ్వ చెప్పిన రెండో సగం అప్పుడు తెలిసింది. అయితే నా మొండితనం నాకుంది. బేరం కూడా ఆడకుండా నన్ను వదులుకున్న మనిషి. ముందు ఆవిడ పిలవాలి, అప్పుడు నేను పలకాలి. ఆవిడా అంతకంటే మొండిది. బడికి పోయేటప్పుడు ఆ మలుపు దగ్గర తల దించుకుని పోయేదాన్ని. వాసన మాత్రం తల దించుకున్నా తగిలేది.

నా పెండ్లికి వచ్చింది. పందిరి చివర గుంజ పట్టుకుని నిలబడింది. అక్షింతలు వేసేటప్పుడు దగ్గరికొస్తే చెవి అటే పెట్టినాను. "సల్లగా ఉండమ్మా" అంది. ఆఖరి బంతిలో తిని వెళ్ళిపోయింది. ఆవిడ చనిపోయిన సంగతి నాకు మదనపల్లెలో చానా రోజుల తర్వాత తెలిసింది. అదీ ఒకరు వేరే మాట చెప్తూ మధ్యలో చెప్పినారు.

ఆ తర్వాత కొన్నేండ్లకు టమోటా మార్కెట్‌లో, బాక్సులు దించుతున్న లారీ పక్కన, వాళ్ళ చిన్న కొడుకు కనిపించినాడు. మీసం నెరిసింది. నన్ను గుర్తుపట్టి టీ తెప్పించినాడు. ఎంతోకాలంగా అడగాలనుకున్నది అడిగేసినాను.

"ఆ పొద్దు నేను పోసిన తవుడు మీ అమ్మ ఏం చేసింది?"

"గొర్రెలకు పెట్టింది. తవుడును ఏం చేస్తారు మరి?" అన్నాడు. టీ ఊదుకుని ఒక గుక్క తాగినాడు. "నాకెందుకు గుర్తుండాదంటే, ఆ దినం అమ్మ సంగటి కెలకలా. పొయ్యే ముట్టించలా. పొద్దుగూకే ముందే గోడ తట్టు తిరిగి పడుకుండ్య. మేమంతా పస్తు. నిన్ను తిట్టుకుంటా నీళ్ళు తాగి పడుకున్నాం."

ఇద్దరం నవ్వినాం. టీ డబ్బులు నన్ను ఇయ్యనీలేదు.

కుప్పంలో సాయంత్రానికి చుట్టాలు పోయినారు. బెంగళూరు రైలు కూత వినపడుతోంది. నా మనవరాలు గదిలోంచి పిలిచింది. బిడ్డకు పాలిచ్చి ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. ఒక చేతిలో ఫోను.

"అవ్వా, తవుడు తెచ్చినావంట గదా. అమ్మ చెప్పి నవ్వింది. యాడ, సూపీ."

చేతులు కడుక్కున్నాను, మళ్ళీ ఎవరూ అనకుండా. మూట విప్పి మంచం మీద పెట్టినాను. కొంటే ఏం చేయాలో, ఏమనాలో చెప్పినాను.

"సరే అవ్వా, తీసుకో. నీదే" అంది, ఫోను చూస్తూనే. పాపం, నా ముచ్చట తీర్చాలనే అంది.

నేను మూట మళ్ళీ కట్టడం మొదలుపెట్టినాను.

"ఏమైందవ్వా?"

"నీ దగ్గర నేను కొనను."

"యాల?"

"ఎంత తవుడని అడగలా నువ్వు. ఇది కోడికి గూడా సాలదు. అడిగిన వెంటనే ఇచ్చేస్తావా బిడ్డను?"

అది ఫోను పక్కన పెట్టింది. మూట చూసింది, నన్ను చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో నాకు తెలియదు. బిడ్డను రెండు చేతులా ఎత్తి రొమ్ముకు అదుముకుంది.

"నిజమే. ఇంత తవుడుకు నా బిడ్డనా? ఇయ్యను పో."

"ఇంకో చాటెడు తెస్తా."

"బండెడు తెచ్చినా ఇయ్యను. పో అవ్వా, పో."

అది నవ్వుతానే ఉంది, చేతులు మాత్రం సడలలేదు. బిడ్డ ఊపిరాడక కేరుమంది. ఆ చిన్న ఒంట్లోంచి అంత గొంతు వస్తుందని ఎవరూ అనుకోలేదు. నా కూతురు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

మరుసటి రోజు బస్సు పుంగనూరు దాటినాక మా ఊరి దారి వచ్చింది. అక్కడ ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. ఆ ఇల్లు లేదు, రొప్పం లేదు. నన్ను కుప్పీ అని పిలిచే నోరు ఈ భూమి మీద ఎక్కడా లేదు. తవుడు మూట ఒళ్ళోనే ఉంది.

కొన్నమ్మ మీద నాకు కోపం పోలేదు. ఒక్కసారి చాలదు అని ఉండొచ్చు. ఇంకేం తెచ్చినావే అని అడిగి ఉండొచ్చు. అడిగి ఉంటే పిడికిలి విప్పి బెల్లం ఆవిడ చేతిలో పెట్టేసి, తవుడు ఆ గొర్రెలకే పోసేసి, సంగటి తిని ఇంటికి పోయి ఉండేదాన్ని.